కారులో నిప్పురవ్వ తప్పినప్పుడు

పెట్రోలుతో నడిచే పాత మోటారు కారు దారిలో ఆగిపోయినప్పుడు, యంత్రభాగమేదీ విరగకుండా ఉన్నట్లయితే, దానికి కారణాలు సామాన్యంగా రెండే. ఇంజనుకు పెట్రోలు అందకపోయి ఉండవలెను. లేదా అందిన పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టకపోయి ఉండవలెను. మొదటి లోపాన్ని కంటితో చూడవచ్చును, ముక్కుతో పసికట్టవచ్చును. రెండవది అంత తేలికగా చిక్కదు. విద్యుత్తు కంటికి కనబడే వస్తువు కాదు గదా! అందుచేత చాలామంది యజమానులు, వారికి సలహా చెప్పే మేస్త్రీలు కూడా, ఒక్కొక్క భాగాన్నే మార్చుకొంటూ పోతారు. ప్లగ్గులు మారుస్తారు, కాయిలు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు. తుట్టతుదకు లోపం డిస్ట్రిబ్యూటరు లోపల తెగిన బెత్తెడు తీగలో ఉన్నదని తేలుతుంది. ఈలోగా డబ్బు పోతుంది, దారిలో చీకటి పడుతుంది. బండి ఆగినది రైలు గేటు నడుమనైతే ప్రాణాల మీదికే వస్తుంది.

ఇక్కడ చెప్పుకొనేది పాయింట్లతో పనిచేసే పాత పద్ధతి కార్లను గురించి. మన దేశంలో వీటికి రెండు పేర్లు అందరికీ తెలిసినవే. ఒకటి 1950ల చివరినుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడరు. రెండవది బొంబాయిలో తయారైన ఫియట్ 1100, దాని సంతతియైన ప్రీమియర్ పద్మిని. బెజవాడ, విశాఖ, హైదరాబాదు టాక్సీ స్టాండులలోను, కలెక్టరు కచేరీల ముంగిళ్లలోను ఒకప్పుడు ఎటు చూసినా ఇవే ఉండేవి. నేడు ఇష్టపడి ఉంచుకొన్నవారి ఇళ్లలోను, సినిమా చిత్రీకరణలకు, పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చేవారి షెడ్లలోను మిగిలి ఉన్నాయి. అంబాసిడరు డీజిలు బండ్లు ఉన్నవారికి మాత్రం ఈ వ్యాసంతో పని లేదు. డీజిలు ఇంజనులో గాలిని బాగా నొక్కడంవల్ల పుట్టే వేడికే నూనె అంటుకొంటుంది, రవ్వ అక్కరలేదు.

పెట్రోలు అంబాసిడరులో ఎక్కువ కాలం వాడిన ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది, నాలుగు సిలిండర్లు గలది. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి ప్రతి సిలిండరులోను ఒకసారి మంట అంటుకోవలెను. అంటే నిమిషానికి 3,000 చుట్ల వేగంతో ఇంజను తిరుగుతుంటే నిమిషానికి 6,000 రవ్వలు, సెకనుకు నూరు రవ్వలు కావలెను. ప్రతి రవ్వా దానికి నియమింపబడిన సిలిండరులో, నియమింపబడిన క్షణంలో పడవలెను. ఈ పనికంతకూ ఆధారం బ్యాటరీలోని 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొనల మధ్య సందును దాటడానికి వేలకొలది వోల్టులు కావలెను. 12 వోల్టులు వేలు కావడమెట్లు?

ఆపితేనే పుట్టే రవ్వ

మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుత్ప్రేరణ సూత్రమే దీనికి సమాధానం. ఒక తీగచుట్టలో గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారినప్పుడు ఆ చుట్టలో వోల్టేజి పుడుతుంది. క్షేత్రం ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ వోల్టేజి. కాయిలు అనే డబ్బాలో ఇనుప రేకుల కట్ట చుట్టూ రెండు తీగచుట్టలుంటాయి. ప్రాథమిక చుట్టలో లావు తీగ, కొన్ని వందల చుట్లు. ద్వితీయ చుట్టలో వెంట్రుక వంటి సన్నని తీగ, వేలకొలది చుట్లు. బ్యాటరీనుండి ప్రాథమిక చుట్టలోకి ప్రవాహం వచ్చి సుమారు 4 ఆంపియర్ల వరకు పెరుగుతుంది, ఇనుము అయస్కాంతమవుతుంది. ఈ పెరుగుదల మెల్లగా జరుగుతుంది కాబట్టి అప్పుడు రవ్వ పుట్టదు. ఆ ప్రవాహాన్ని తటాలున తెంచగానే క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. ప్రాథమిక చుట్టలోనే రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. ద్వితీయ చుట్టలో అవి 20,000 వోల్టుల దాకా పోగలవు.

కనుక రవ్వ పుట్టేది కరెంటు పారినప్పుడు కాదు, పారుతున్న కరెంటు ఆగినప్పుడు. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకొంటే డిస్ట్రిబ్యూటరు పరీక్షలో సగం పని అయినట్లే. రవ్వ లేదంటే, ప్రవాహం అసలు రాకపోయి ఉండవలెను, లేదా వచ్చినది ఆగకపోయి ఉండవలెను, లేదా ఆగవలసినంత చురుకుగా ఆగకపోయి ఉండవలెను. ఈ మూడూ సరిగానే ఉంటే, పుట్టిన వోల్టేజి ప్లగ్గు చేరకుండా దారిలో ఎక్కడో కారిపోతూ ఉండవలెను.

ప్రవాహాన్ని తెంచే పని పాయింట్లది. ఒకదానికొకటి తగిలి ఉండే రెండు చిన్న టంగ్‌స్టను బిళ్లలవి. డిస్ట్రిబ్యూటరు నడిమి ఇరుసుకు నాలుగు మూలలు గల క్యామ్ ఉంటుంది. ఇరుసు క్రాంక్ షాఫ్టు వేగంలో సగం వేగంతో తిరుగుతూ, చుట్టుకు నాలుగుసార్లు పాయింట్లను విడదీస్తుంది. ఈ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1910 నాటి కాడిలాక్ కార్లలో అది వాడుకలోకి వచ్చింది. ఆ తరువాత అరువది ఏండ్లకు పైగా ప్రపంచంలోని పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం దీనిమీదనే నడిచాయి. అంబాసిడరులో సామాన్యంగా కనబడేది బ్రిటనులోని లూకాస్ కంపెనీ నమూనా. ఆ కంపెనీ, మన టీవీఎస్ సంస్థ కలిసి 1961లో స్థాపించిన లూకాస్-టీవీఎస్ ఫాక్టరీ మద్రాసు దగ్గర పాడిలో ఉన్నది.

పాయింట్ల ప్రక్కనే బొటనవ్రేలంత డబ్బా ఒకటి ఉంటుంది. అది కండెన్సరు. దీనిని ఏదో అదనపు అలంకారంగా భావించేవారు చాలామంది ఉన్నారు. నిజానికి దీని పని తెలియనివారికి డిస్ట్రిబ్యూటరు బోధపడదు. కాలువలో వడిగా వస్తున్న నీటిని లాకు తలుపు వేసి ఒక్కసారిగా ఆపితే నీరు ఎగదన్ని తలుపు సందుల్లోనుండి చిమ్ముతుంది. పాయింట్లు విడిపోవడం మొదలైన క్షణంలో వాటి మధ్య సందు వెంట్రుకవాసి కూడా ఉండదు. లేచిన వందల వోల్టులు ఆ సందును సులభంగా దాటి మంటగా మండుతాయి. మంట ఉన్నంతసేపు ప్రవాహం సాగుతూనే ఉంటుంది. అంటే ఆగవలసినది ఆగలేదన్నమాట. కండెన్సరు లాకు ప్రక్కన తవ్విన గుంట వంటిది. మొదటి పొంగును తనలోకి తీసుకొని, పాయింట్లు తగినంత ఎడం జరిగేదాకా వోల్టేజిని లేవనివ్వదు. దాని ధారణశక్తి 0.2 మైక్రోఫారడ్ మాత్రమే. ఆ కొంచెం లేకపోతే పాయింట్లు కాలిపోతాయి, రవ్వ నీరసిస్తుంది.

పుట్టిన అధిక వోల్టేజి కాయిలు నడిమి తీగ ద్వారా డిస్ట్రిబ్యూటరు కేపు నడుమకు వస్తుంది. అక్కడ స్ప్రింగు మీద నిలిచిన చిన్న బొగ్గు ముక్క రోటరును తాకి ఉంటుంది. రోటరు ఇరుసు మీద తిరుగుతూ, తన ఇత్తడి కొనను కేపు లోపలి నాలుగు మేకులకు వరుసగా ఎదురుచేసి రవ్వను పంచిపెడుతుంది. డిస్ట్రిబ్యూటరు అనే పేరు వచ్చినది ఈ పంపకంవల్లనే. అంబాసిడరులో పంపకం వరుస 1, 3, 4, 2.

ఇక వేళ సంగతి. సిలిండరులోని మిశ్రమం అంటుకొని పూర్తిగా మండడానికి కొంత వ్యవధి కావలెను. 3,000 చుట్ల వేగంలో సెకనులో వెయ్యోవంతుకే క్రాంక్ షాఫ్టు 18 డిగ్రీలు తిరుగుతుంది. అందుచేత పిస్టను పైకి చేరకముందే రవ్వ వేయవలెను. వేగం హెచ్చినకొద్దీ ఇంకా ముందుగా వేయవలెను. దీనికి ఇరుసు అడుగున రెండు బరువులుంటాయి. ఇరుసు వడికి అవి బయటికి విచ్చుకొని క్యామును ముందుకు త్రిప్పుతాయి. యాక్సిలరేటరును తేలికగా త్రొక్కినప్పుడు సిలిండరులో మిశ్రమం పలుచగా ఉండి మెల్లగా మండుతుంది కనుక, కార్బురేటరునుండి సన్నని గొట్టం ద్వారా వచ్చే శూన్యపు లాగుడు ఒక పొరను ఆకర్షించి, పాయింట్లు బిగించిన పలకను కొద్దిగా త్రిప్పి ఇంకొంత ముందుకు తెస్తుంది. ఈ పలక కదలికను పాఠకులు గుర్తుంచుకోవలెను. దానితో తరువాత పని పడుతుంది.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టవలెను?

బండి ఆగిన తీరే కొంత చెబుతుంది. దగ్గుతూ, ఈడుస్తూ, నాలుగైదు కుదుపులు కుదిపి ఆగితే అనుమానం ముందుగా పెట్రోలు మీద ఉంచవచ్చును. నడుస్తున్న ఇంజను స్విచ్చి కట్టేసినట్లు చప్పున చస్తే అది చాలావరకు విద్యుత్తు లోపం. ఐతే ఈ లక్షణాలను నమ్ముకొని ఊరుకోకూడదు. ఎండాకాలంలో పంపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడినా, వేడెక్కిన కండెన్సరు లోపలి అతుకు విడిపోయినా బండి ప్రవర్తన ఒక్కటే: ఆగుతుంది, అరగంట చల్లారితే మళ్లీ నడుస్తుంది. చల్లారిన తరువాత చేసిన పరీక్షకు విలువ లేదు, అప్పటికి అన్నీ సవ్యంగానే కనబడతాయి. లోపం ఉన్న నిమిషాలలోనే, బానెట్టు వేడిగా ఉండగానే, రవ్వ ఉన్నదా లేదా చూడవలెను. వర్క్‌షాపుకు తీసుకొనిపోయిన బండి అక్కడ చక్కగా నడిచి చూపడం, ఇంటికి వస్తూ మళ్లీ ఆగడం, యజమానికి మేస్త్రీకి మధ్య మాటలు పెరగడం చాలా మటుకు ఈ కారణంవల్లనే.

మొదటి పరీక్ష కేపు నడుమకు వచ్చే తీగ దగ్గర. దానిని కేపునుండి ఊడదీసి, ఎండు చెక్కతోగాని రబ్బరు పిడి గల పటకారుతోగాని పట్టుకొని, కొనను ఇంజను ఇనుముకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, ఇంకొకరిచేత స్టార్టరు త్రిప్పించవలెను. టపటపమని నీలి రవ్వలు పడితే కాయిలు, పాయింట్లు, కండెన్సరు బాగున్నట్లే; లోపం ఆ తరువాత, అంటే కేపు, రోటరు, ప్లగ్గు తీగలు, ప్లగ్గులలో ఉన్నది. రవ్వ లేకపోతే, లేదా పచ్చగా సన్నగా ఉంటే, లోపం అంతకు ముందున్నది. వెదకవలసిన దారి ఒక్క పరీక్షతో సగానికి తగ్గింది.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు. మొదటిది ప్రాణానికి సంబంధించినది. వట్టి చేతితో తీగ పట్టుకొని చూసే మేస్త్రీలున్నారు; ఆ ధైర్యం అనుకరించదగినది కాదు. కాయిలు దెబ్బకంటె, ఉలిక్కిపడి చేతిని తిరుగుతున్న ఫ్యాను రెక్కల్లోకి పోనివ్వడంవల్ల ఎక్కువ ప్రమాదం. గుండెలో పేస్‌మేకరు అమర్చినవారు ఈ పరీక్షల దగ్గర ఉండనే కూడదు. కార్బురేటరునుండి పెట్రోలు కారుతున్నదేమో చూడకుండా రవ్వ వేయకూడదు.

రెండవ జాగ్రత్త భౌతికశాస్త్రానికి సంబంధించినది. బయట గాలిలో రవ్వ పడినంత మాత్రాన సిలిండరులో పడుతుందని హామీ లేదు. వాయువులో రవ్వ దాటడానికి కావలసిన వోల్టేజి, వాయుపీడనాన్ని, సందు దూరాన్ని గుణించగా వచ్చిన విలువ మీద ఆధారపడుతుందని ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లో ప్రకటించాడు. ప్లగ్గు సందు 0.6 మిల్లీమీటర్లే ఐనా అక్కడి మిశ్రమం బయటి గాలికి అనేక రెట్లు పీడనంతో నొక్కబడి ఉంటుంది. ప్లగ్గును బయటికి తీసి ఇంజను మీద ఆనించి రవ్వ చూసి తృప్తిపడేవారు మోసపోయేది ఇక్కడే. తెరిచిన గాలిలో కనీసం 6 మిల్లీమీటర్లు దూకమని అడగడం అందుకే.

చిన్న బల్బు సాక్ష్యం

నడిమి తీగ దగ్గర రవ్వ లేదనుకొందాం. ఇప్పుడు కావలసినది 12 వోల్టుల చిన్న బల్బు, రెండు తీగలు. ఒక తీగను ఇంజను ఇనుముకు తగిలించి ఉంచవలెను. స్విచ్చి వేసి, రెండవ తీగను కాయిలు మీద స్విచ్చినుండి వచ్చే తీగ బిగించిన మేకుకు ఆనిస్తే బల్బు వెలగవలెను. వెలగకపోతే డిస్ట్రిబ్యూటరును తప్పుపట్టి లాభం లేదు; స్విచ్చి, దాని తీగలు చూడవలెను.

వెలిగితే, బల్బు తీగను కాయిలు రెండవ మేకుకు, అంటే డిస్ట్రిబ్యూటరుకు తీగ పోయే మేకుకు మార్చవలెను. తరువాత హ్యాండిలుతోగాని, బండిని టాప్ గేరులో పెట్టి కొద్దికొద్దిగా నెట్టిగాని ఇంజనును మెల్లగా త్రిప్పవలెను. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కరెంటంతా వాటిగుండా ఇనుములోకి పోతుంది, బల్బు ఆరి ఉంటుంది. విడిపోయినప్పుడు దానికి వేరే దారి లేక బల్బులోనుండి పోతుంది, బల్బు వెలుగుతుంది. కనుక ఇంజను తిరుగుతుంటే బల్బు వెలుగుతూ ఆరుతూ ఉండవలెను.

ఆరకుండా వెలుగుతూనే ఉన్నదా? ఐతే పాయింట్లు కలిసినట్లు కనబడుతున్నా విద్యుత్తుకు కలియడం లేదు. వాటి మీద నూనె, మసి, తుప్పు ఉండవచ్చును. కొత్త పాయింట్లమీద నిలువకోసం పూసిన జిడ్డు పొర ఉన్నా ఇదే జరుగుతుంది. ‘కొత్తవి వేసినా స్టార్టు కాలేదు’ అనే ఫిర్యాదులలో కొన్నింటికి ఇదే కారణం. పెట్రోలులో తడిపిన శుభ్రమైన అట్టముక్కను వాటి మధ్య లాగితే చాలు. ఎంత తుడిచినా ఆరకపోతే డిస్ట్రిబ్యూటరు లోపలి తీగగాని, పలకను ఇనుముకు కలిపే తీగగాని తెగి ఉంటుంది.

ఎప్పుడూ వెలగకుండా ఆరే ఉన్నదా? కాయిలు మేకునుండి డిస్ట్రిబ్యూటరు తీగను విప్పి, ఆ మేకు మీదే బల్బు మళ్లీ పెట్టి చూడవలెను. అప్పుడు వెలిగితే కాయిలు మంచిదే. కరెంటు డిస్ట్రిబ్యూటరులో ఆగకుండా ఇనుములోకి కారిపోతున్నది. కండెన్సరు లోపల కలిసిపోయి ఉండవచ్చును. లేదా పాయింట్లు బిగించేటప్పుడు, విద్యుత్తు పోనివ్వని చిన్న వాషరును తప్పు వరుసలో వేసి ఉండవచ్చును. తీగల కొనలు, స్ప్రింగు ఒకదానికొకటి తగులుతూ, మేకుకు పలకకు మాత్రం తగలకుండా ఉండవలెను. పాయింట్లు మొదటిసారి మార్చేవారందరూ ఒకసారైనా చేసే పొరపాటు ఇది. తీగ విప్పినా బల్బు వెలగకపోతే మాత్రం కాయిలులో ప్రాథమిక చుట్ట తెగినది.

బల్బు సక్రమంగా మినుకుతున్నా రవ్వ రాకపోతే మిగిలినవి రెండే: పనిచేయని కండెన్సరు, లేదా ద్వితీయ చుట్ట చెడిన కాయిలు. కేపు తీసి స్టార్టరు త్రిప్పినప్పుడు పాయింట్లలో చురుకైన తెల్లని మెరుపులు కనబడితే నేరం కండెన్సరుదే. ఏ పాత కారునుండి తీసినదైనా సరే, ఇంకొక కండెన్సరును డిస్ట్రిబ్యూటరు బయటనే, దాని తీగను కాయిలు మేకుకు, డబ్బాను ఇనుముకు తగిలేటట్లు కట్టి బండిని ఇల్లు చేర్చవచ్చును. మారిస్తే ముందు దీనినే మార్చి చూడడం న్యాయం, కాయిలు ధరతో పోలిస్తే దీని ధర స్వల్పం గనుక.

పరీక్ష చేస్తున్నంతసేపు ఒక సంగతి మరువరాదు. పాయింట్లు కలిసిన స్థితిలో ఇంజను నిలిచి ఉండగా స్విచ్చి వేసి వదిలితే కాయిలులో 4 ఆంపియర్లు ఎడతెగక పారి, సుమారు 48 వాట్ల వేడి పుడుతుంది. లోపం వెదుకుతూ మంచి కాయిలును కాల్చుకొన్నవారున్నారు.

పాయింట్ల ఎడం లూకాస్ నమూనాకు 0.36 నుండి 0.40 మిల్లీమీటర్లు. క్యామ్ మూల పాయింట్లను పూర్తిగా విడదీసినప్పుడు ఫీలర్ గేజితో కొలవవలెను. గుంటలు పడిన పాయింట్ల మీద కొలిస్తే ఆ కొలత నిజం కాదు. ఎడం ఎక్కువైతే పాయింట్లు కలిసి ఉండే వ్యవధి తగ్గి, వేగంలో కాయిలు పూర్తిగా నిండక రవ్వ తప్పుతుంది. తక్కువైతే చురుకుగా తెగక కాలుతాయి. అంతేగాక ఎడం పెరిగితే పాయింట్లు ముందుగా, తగ్గితే ఆలస్యంగా విడిపోతాయి. కనుక ఎడం మార్చినప్పుడల్లా రవ్వ వేళ కూడా మారుతుంది. పాయింట్ల మడమ అరిగేకొద్దీ బండి బలం నెలనెలకు సన్నగిల్లడానికి కారణమిదే. ఒక మూల మీద సరిగా ఉన్న ఎడం ఇంకొక మూల మీద వేరుగా వస్తే ఎంత దిద్దినా ప్రయోజనం లేదు. ఇరుసును వ్రేళ్లతో పట్టి ప్రక్కలకు కదిలిస్తే అరిగిన బుష్షు తెలిసిపోతుంది.

కేపు, రోటరు

నడిమి తీగ దగ్గర మంచి రవ్వ ఉండి ఇంజను నడవకపోతే కేపు విప్పవలెను. లోపలి బొగ్గు ముక్క అరిగినదా, స్ప్రింగు మీద ఆడుతున్నదా చూడవలెను. తరువాత మేకుల మధ్య పెన్సిలుతో గీసినట్లు నల్లని సన్న గీతలున్నవేమో వెలుతురులో త్రిప్పి త్రిప్పి చూడవలెను. తేమ, దుమ్ము పేరుకొన్న చోట రవ్వ ప్రాకి ప్రాకి కేపును కాల్చి బొగ్గుగా మారుస్తుంది. బొగ్గు విద్యుత్తుకు మంచి దారి. కోస్తా జిల్లాలలో వానాకాలం తెల్లవారుజామున మొండికేసే బండ్లు పొడిగుడ్డతో కేపు తుడవగానే లేవడం డ్రైవర్లందరికీ తెలిసినదే. గీత పడిన కేపుకు మాత్రం తుడుపు చాలదు, మార్చవలసినదే. అనుమానం తీరకపోతే చీకటి పడ్డాక, ఆరుబయట, ఇంజను నడుస్తుండగా బానెట్టు ఎత్తి చూస్తే కారే చోట్ల నీలి వెలుగు కనబడుతుంది.

కేపులో కారిన రవ్వ ఇంజనును ఎట్లా బాధిస్తుందో గమనించదగినది. 1వ సిలిండరుకు పోవలసిన రవ్వ ప్రక్క మేకుకు, అంటే వరుసలో తరువాతిదైన 3వ సిలిండరుకు ప్రాకినదనుకొందాం. ఆ క్షణంలో 1వ సిలిండరులో మిశ్రమం గట్టిగా నొక్కబడి ఉన్నది. 3వ దానిలో పిస్టను ఇంకా అడుగునే ఉండి పీడనం తక్కువగా ఉన్నది. పాషెన్ చెప్పిన ప్రకారం రవ్వకు 3వ సిలిండరులో దూకడమే సులభం. అక్కడ లోపలి వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. అంటుకొన్న మంట వెనుకకు తన్ని కార్బురేటరులో ఢామ్మని ప్రేలుతుంది. ఈ ప్రేలుడు విని కార్బురేటరును విప్పేవారు చాలామంది. కార్బురేటరు పాపం ఏమీ ఎరుగదు.

రోటరు మోసం ఇంకా సూక్ష్మం. పైకి నున్నగా కొత్తదానివలె ఉండి, ఇత్తడి పలకనుండి అడుగునున్న ఇరుసులోకి బకెలైటులోనుండే వోల్టేజి కారిపోవచ్చును. కొత్తగా కొన్న రోటరు కూడా ఇందుకు మినహాయింపు కాదు. పరీక్ష తేలికే. రోటరును ఇరుసు మీదనే ఉంచి, నడిమి తీగ కొనను దాని ఇత్తడికి 3 మిల్లీమీటర్ల ఎత్తున పట్టి, స్విచ్చి వేసి, ఎండుపుల్లతో పాయింట్లను విడదీయవలెను. తీగనుండి ఇత్తడికి చురుకైన రవ్వ దూకితే రోటరు చెడినట్లే. ఇరుసులోకి దారి లేకపోతే రవ్వ పదే పదే దూకదు గదా.

పలక కదిలితే తెగే తీగ

ఇన్ని పరీక్షలకూ చిక్కకుండా మేస్త్రీల ఓపికను పరీక్షించే లోపం ఒకటున్నది. బండి ఊళ్లో చక్కగా తిరుగుతుంది. ఎత్తులు ఎక్కేటప్పుడు, నిండుగా త్రొక్కినప్పుడు కూడా బాధ లేదు. రహదారి మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకొని, కాలు కొద్దిగా తేలిక చేయగానే స్విచ్చి కట్టినట్లు చస్తుంది. ప్రక్కకు తీసి నిలిపితే వెంటనే స్టార్టు అవుతుంది. వెనుక లారీ వస్తుండగా ఇట్లా జరిగితే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ప్లగ్గులు, కాయిలు, కండెన్సరు, పెట్రోలు పంపు అన్నీ మార్చినా లోపం పోదు.

శూన్యపు లాగుడు ఎప్పుడు పనిచేస్తుందో ఆలోచిస్తే కారణం తోస్తుంది. ఇంజను నిలకడగా మెల్లగా తిరిగేటప్పుడు అది ఉండదు. నిండుగా త్రొక్కినప్పుడూ ఉండదు. వేగంలో తేలికగా త్రొక్కినప్పుడే అది పాయింట్ల పలకను లాగుతుంది. లాగినప్పుడల్లా, బయటి మేకునుండి పాయింట్లకు పోయే మెత్తని తీగ ఒకచోట వంగుతుంది. లక్షలసార్లు వంగి వంగి పైతొడుగు లోపలే తీగ పోగులు తెగిపోతాయి. తొడుగు మాత్రం చెక్కుచెదరదు. పలక మామూలు స్థితిలో ఉన్నప్పుడు తెగిన కొనలు ఒకదానికొకటి ఆని ఉంటాయి, పలక తిరిగితే విడిపోతాయి. పలకను ఇనుముకు కలిపే తీగకు కూడా ఇదే గతి పట్టవచ్చును.

పట్టుకొనే ఉపాయం మళ్లీ ఆ బల్బే. దానిని కాయిలు రెండవ మేకుకు తగిలించి, పాయింట్లు కలిసి బల్బు ఆరిన స్థితిలో ఇంజనును నిలిపి, కార్బురేటరు వైపున గొట్టం విప్పి నోటితో పీల్చవలెను. పలక కదులుతుంది. పలక కదులుతుండగా బల్బు ఒక్కసారి మినుక్కుమంటే చాలు, దొంగ దొరికినట్లే. పీల్చినా పలక కదలకపోతే లోపలి పొర చిరిగినదన్నమాట. దానివల్ల బండి ఆగదుగాని పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. తెగిన తీగ స్థానంలో ఇంట్లో లైట్లకు వాడే మొండి తీగ వేయకూడదు. అది పలకను తిరగనివ్వదు, తిరిగినా త్వరలోనే విరుగుతుంది. సన్నని పోగులెన్నో కలిపి అల్లిన మెత్తని తీగనే కాస్త వదులుగా, తిరిగే క్యామ్‌కు తగలకుండా అమర్చవలెను.

లోపం సవరించాక రవ్వ వేళను సరిచూడవలెను. ఇంజనును తయారీదారు చెప్పిన గుర్తు దగ్గర నిలిపి, స్విచ్చి వేసి, డిస్ట్రిబ్యూటరు బిగింపు వదులు చేసి, దాని ఒడలిని మెల్లగా త్రిప్పితే బల్బు వెలిగే చోటే పాయింట్లు విడిపోయే చోటు. రోటరు తిరిగే దిశకు ఎదురుగా త్రిప్పితే రవ్వ ముందుకు, ఆ దిశలోనే త్రిప్పితే వెనుకకు జరుగుతుంది. రోటరు తీసి దాని క్రింది స్క్రూ తల మీద రెండు మూడు చుక్కల నూనె, క్యామ్ మీద గోటి కొనంత గ్రీజు వేయవలెను. అంతకు మించితే అది చిమ్మి పాయింట్లను చేరుతుంది.

ఇటీవల కొందరు పాయింట్లను, కండెన్సరును తీసివేసి, వాటి చోట ఇరుసు మీద అయస్కాంతపు ఉంగరం, దానిని పసికట్టే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అమర్చుకొంటున్నారు. అరిగే మడమ లేదు, కాలే బిళ్లలు లేవు. ప్రవాహాన్ని ట్రాన్సిస్టరు తెంచుతుంది. ఇది మంచి మార్పే. ఐతే కాయిలు, కేపు, రోటరు, కదిలే పలక, అరిగే బుష్షు ఎప్పటివలెనే ఉంటాయి, వాటి పరీక్షలూ మారవు. ఆ పరికరం చెడితే మాత్రం రోడ్డు ప్రక్కన అట్టముక్కతో తుడిచి బాగుచేసే వీలు లేదు. అందుచేత దూరప్రయాణాలు చేసే అంబాసిడరు యజమానులు ఎడం సరిచేసి బిగించిన పాత పాయింట్ల పలకను, ఒక మంచి కండెన్సరును గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచుకొంటారు.